ఇద్దరే... ఇరవై నాలుగు గంటలు

2009 జూన్ 13, శనివారం. ఫ్రాన్స్‌లోని లె మాన్. మధ్యాహ్నం మూడింటికి రేసు మొదలు. మన లెక్కలో సాయంత్రం ఆరున్నర, విశాఖ దగ్గరి మా పెందుర్తి జంక్షన్లో కూరగాయల బేరాలు ఊపందుకునే వేళ. రేసుకు ఇంకా కొద్దిసేపు ఉందనగా పిట్ గోడ దగ్గర ఒక డ్రైవరు కింద పడ్డాడు.

కారు గుద్దుకోలేదు. మంటలు లేవలేదు. ఒక మనిషి కాంక్రీటు గోడ దగ్గర అడుగు తప్పి పడ్డాడు, అంతే. పడ్డ తీరులోనే ఉంది చిక్కంతా. భుజం కీలు తప్పింది. వైద్యాధికారులు పరీక్ష చేసి, కారు ఎక్కడానికి వీల్లేదని తేల్చేశారు. అందులో బేరాలుండవు. గంటకు 300 కిలోమీటర్లు దాటే బండిలో ఒంటి చేత్తో స్టీరింగ్ తిప్పడం ఒక ఎత్తయితే, ప్రమాదం జరిగినప్పుడు ఎవరి సాయమూ లేకుండా ఆ ఇరుకు గూట్లోంచి బయటపడగలగడం ఇంకో ఎత్తు. అది చేయలేని వాణ్ణి ట్రాక్ మీదికి పంపరు.

పడ్డవాడు నరేన్ కార్తికేయన్. ఫార్ములా వన్‌లో కారు నడిపిన తొలి భారతీయుడు. ఆ పూట స్టీరింగ్ పట్టి ఉంటే లె మాన్ రేసు నడిపిన తొలి భారతీయుడు కూడా అతనే అయ్యేవాడు. హెల్మెట్ సిద్ధం, ఆ వారం ప్రాక్టీసు పూర్తి, కారు మీద పేరు కూడా ఉంది. మనిషికి మాత్రం చెయ్యి లేవడం లేదు.

ఆ కారు నంబరు 14. ఆడీ ఆర్10 టీడీఐ. దానికి ముగ్గురు డ్రైవర్లు. ఇప్పుడు ఇద్దరే మిగిలారు. హాలెండ్ వాడు చార్లెస్ జ్వోల్స్‌మన్ ఒకడు. జర్మనీలో పుట్టి, బెల్జియంలో పెరిగి, జపాన్‌లో బతుకు వెతుక్కున్న ఆండ్రే లోటరర్ రెండోవాడు. లె మాన్‌లో అతనికి అదే మొదటి రేసు.

ఈ రేసు కొలతలు ఒకసారి చెప్పాలి. అప్పట్లో ఒక ల్యాప్ 13.629 కిలోమీటర్లు. పెందుర్తి జంక్షన్లో బయల్దేరి వేపగుంట, గోపాలపట్నం, ఎన్‌ఏడీ దాటి కంచరపాలెం వైపు సాగేంత దూరం. మన సిటీ బస్సుకు ఎంత సేపు పడుతుందో ఈ దారిన తిరిగేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ ఏడాది క్వాలిఫయింగ్‌లో ప్యూజో డ్రైవరు స్టెఫాన్ సరాజిన్ దాన్ని 3 నిమిషాల 22.888 సెకన్లలో చుట్టేశాడు. అలా పగలూ రాత్రీ, ఎండా మంచూ, ఇరవై నాలుగు గంటలు తిరుగుతూనే ఉండాలి. ట్రాక్‌లో చాలా భాగం మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డే.

ఎవరు ఎంతసేపు నడపాలన్న దానికి నిబంధన ఉంది. ఏ ఆరు గంటల్లోనైనా ఒకే మనిషి నాలుగు గంటలకు మించి నడపకూడదు. మొత్తం మీద పద్నాలుగు గంటలు దాటకూడదు. ముగ్గురుంటే తలా ఎనిమిది గంటలు. ఒకడు నడుపుతాడు, ఒకడు నిద్రపోతాడు, ఒకడు తయారవుతాడు. ఇద్దరైతే తలా పన్నెండు. నిబంధన ఒప్పుకుంటుంది. ఒళ్ళు ఒప్పుకోవాలి కదా!

జట్టు యజమాని కొలిన్ కోలెస్. రొమేనియాలో పుట్టి జర్మనీలో స్థిరపడ్డ పళ్ళ డాక్టరు. చదువు దంతవైద్యం, పిచ్చి కార్ల మీద. 2005లో ఫార్ములా వన్ జోర్డాన్ జట్టు వ్యవహారాలు చూసింది ఆయనే, ఆ ఏడాది నరేన్ నడిపిందీ ఆ జట్టు కారే. 2006, 2007, 2008లలో వరసగా లె మాన్ గెలిచిన మోడలు ఆర్10ని ఆడీ పక్కన పెట్టి కొత్త ఆర్15 తెచ్చింది. పాతబడ్డ ఆర్10లు రెండింటిని కోలెస్ తీసుకుని, తన సొంత జట్టుతో బరిలోకి దింపాడు. పేరుకు అది ఆడీ. ఆడీ ఫ్యాక్టరీ జట్టు మాత్రం కాదు. ఈ తేడా ముందు ముందు అవసరమవుతుంది.

నరేన్ సంగతి తెలుగువాళ్ళు ఇంకొంచెం దగ్గరగా తెలుసుకోవాలి. అతని ఊరు కోయంబత్తూరు. శతాబ్దాల కిందట తెలుగు నేల వదిలి వెళ్ళినా ఇళ్ళల్లో తెలుగు వదలని నాయుళ్ళు మిల్లులు పెట్టి నిలబెట్టిన ఊరు. అక్కడి లక్ష్మీ మిల్స్‌ను 1910లో స్థాపించింది జి.కుప్పుస్వామి నాయుడు. ఆ కుటుంబం వాడే ఎస్.కరివర్ధన్, నరేన్‌కు బంధువు. మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి రేసు కారును రూపొందించి, ఈ దేశంలో మధ్యతరగతి కుర్రాళ్ళకు కూడా రేసింగ్ అందేలా చేసినవాడు. 1995లో ఆయన పోయాక కోయంబత్తూరు దగ్గర ట్రాక్‌కు కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరే పెట్టుకున్నారు. తండ్రి జి.ఆర్.కార్తికేయన్ జాతీయ ర్యాలీ ఛాంపియన్. మన దగ్గర పిల్లాడికి అక్షరాభ్యాసం చేయిస్తారు. ఆ ఇంట్లో స్టీరింగ్ పట్టించి ఉంటారు.

1996లో ఫార్ములా ఆసియా ఛాంపియన్. 2001 జూన్‌లో జాగ్వార్ ఫార్ములా వన్ కారుకు టెస్ట్ డ్రైవ్. 2005లో జోర్డాన్. ఆ ఏడాది ఇండియానాపొలిస్‌లో టైర్ల గొడవతో పద్నాలుగు కార్లు తప్పుకుంటే, మిగిలిన ఆరింటిలో నాలుగో స్థానం తెచ్చుకుని ఐదు పాయింట్లు అందుకున్నాడు. ఎ1 గ్రాండ్ ప్రీలో ఇండియా పేరున రెండు రేసులు గెలిచాడు. 2009 నాటికి వయసు 32. అలాంటివాడు లె మాన్‌లో ఒక గోడ దగ్గర భుజం పట్టుకుని కూలబడ్డాడు.

మూడయింది. యాభై అయిదు కార్లు కదిలాయి.

ఆర్10కు పైకప్పు లేదు. డ్రైవరు తల గాలికే వదిలేసి ఉంటుంది. వీపు వెనక 5.5 లీటర్ల వీ12 డీజిల్ ఇంజను. బరువెక్కువ, చప్పుడు తక్కువ. పెట్రోలు కార్ల కేకల మధ్య తన ఇంజను తనకే సరిగా వినపడదు. గేరు మార్చే అదను చెవితో కాదు, డాష్ మీది దీపాలతో చూసుకోవాలి. ఒక ట్యాంకు డీజిల్ సుమారు ముప్పావు గంట వస్తుంది. ట్యాంకు అయిపోగానే పిట్‌లోకి. డీజిల్ పోస్తారు, అవసరమైతే టైర్లు మారుస్తారు, మళ్ళీ బయటికి. ఇలాంటివి మూడు నాలుగు వరసగా నడిపితే ఒక మనిషి వంతు పూర్తయినట్టు.

డ్రైవరు మారే క్షణం చూడాలి. దిగేవాడు దిగీ దిగకముందే స్టీరింగ్ ఊడదీస్తాడు. ఎక్కేవాడు గూట్లోకి జారి కూర్చుంటే, దిగినవాడే వంగి అతని బెల్టులు బిగిస్తాడు, రేడియో తీగ తగిలిస్తాడు, మంచినీళ్ళ గొట్టం కలుపుతాడు. చెయ్యి ఊపి పక్కకు దూకుతాడు. ముగ్గురున్న కారులో ఈ పని చేసిన మనిషికి తర్వాత బోలెడు వ్యవధి. నంబరు 14లో అలా కాదు. జ్వోల్స్‌మన్ దిగితే లోటరర్, లోటరర్ దిగితే జ్వోల్స్‌మన్. మధ్యలో దొరికిన రెండు మూడు గంటల్లోనే చెమట బట్టలు మార్చుకోవాలి, ఏదో తినాలి, మెడ మర్దన చేయించుకోవాలి, ఇంజనీర్లతో మాట్లాడాలి, కళ్ళు మూసుకోవాలి. కళ్ళు మూసుకున్నంత మాత్రాన నిద్ర వస్తుందా? గ్యారేజీ పక్కన యాభై కార్లు మోత మోగిస్తున్నప్పుడు!

జూన్‌లో అక్కడ పొద్దు రాత్రి పదింటిదాకా గుంకదు. చీకటి ఉండేది కొద్ది గంటలే. ఆ కొద్ది గంటలే మనుషుల్ని తూకం వేస్తాయి. ఒకే ట్రాక్ మీద నాలుగు తరగతుల కార్లు. ముందు వెళ్ళే జీటీ కారుకు అద్దంలో కనపడేది రెండు తెల్లని వెలుగులే. వెనక వస్తున్నది ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో ఉందో అతనికి పట్టదు. ఆ అర సెకనులో లోపలి వైపు దూరాలా, మలుపు దాకా ఆగాలా? దూరితే రెండు సెకన్లు లాభం. తప్పితే ఇరవై నాలుగు గంటల కష్టం గోడ పాలు. రాత్రంతా ప్రతి ల్యాప్‌లో మళ్ళీ మళ్ళీ ఇదే నిర్ణయం. లె మాన్‌కు కొత్త అయిన లోటరర్ ఆ నిర్ణయాలన్నీ తీసుకుంటూ పన్నెండు గంటల బాధ్యత మోశాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి జెండా ఊగింది. గెలిచింది ప్యూజో: బ్రాభమ్, జెనే, వుర్జ్. 382 ల్యాప్‌లు. రెండో స్థానమూ ప్యూజోదే. ఆడీ ఫ్యాక్టరీ జట్టు కొత్త ఆర్15లు మూడింటిలో ఒకటి మూడో స్థానంలో వచ్చింది. ఒకటి ప్రమాదంలో ఆగిపోయింది. మిగిలింది ఎక్కడో వెనక.

ఏడో స్థానంలో నంబరు 14. ఇద్దరు నడిపిన పాత కారు. దాని జోడీ కారు, ముగ్గురు నడిపిన నంబరు 15, తొమ్మిదో స్థానం.

పేపర్లలో ఏడో స్థానానికి చోటు దొరకదు. జర్మనీలో ఇంగోల్‌స్టాట్‌లో కూర్చున్న ఆడీవాళ్ళకు మాత్రం ఆ ఏడు పెద్దగానే కనిపించి ఉండాలి. ఎందుకంటే ఆ ఆర్10 తాము చేసిన బండే. కొత్తదిగా ఉన్నప్పుడు అది ఎలా పరుగెత్తిందో, ఎక్కడ మొండికేస్తుందో, చీకట్లో ఎంతలో రావాలో, డీజిల్ ఎంత తాగాలో, అన్ని లెక్కలూ వాళ్ళ పుస్తకాల్లో ఉన్నాయి. నా అంచనా ఏమిటంటే, లోటరర్‌కు తెలియకుండానే అతను ఆ వారాంతం ఆడీ తయారు చేసిన ప్రశ్నపత్రానికే జవాబులు రాశాడు. దిద్దేవాళ్ళ దగ్గర కీ ముందే ఉంది.

మా పెందుర్తిలో కార్ల పిచ్చి ఉన్న ఇంటర్ కుర్రాడు ఒకడు నన్ను అడిగాడు: "ఫ్యాక్టరీ టీముకి డ్రైవర్లని ఎలా తీసుకుంటారండీ? నోటిఫికేషన్ పడుద్దా?" స్టీలు ప్లాంటు, పోర్టు, డాక్‌యార్డ్ ఉన్న ఊళ్ళో పెరిగిన కుర్రాడు అలా అడగడంలో వింతేముంది! నోటిఫికేషన్ పడదు నాయనా. దరఖాస్తు ఫారం ఉండదు. ఎక్కడో ఎవరో చూస్తూ ఉంటారు, ఫోన్ మోగుతుంది. లేదా మోగదు.

చూసేవాళ్ళు ఏం చూస్తారు? ఒక్క ల్యాప్‌లో మెరిసే వేగం కావాలి, కాదనను. కానీ అది గుమ్మం వరకే. కె.కె. లైను మీద కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం నింపుకుని అనంతగిరి కొండలు దిగి, కొత్తవలస, పెందుర్తి స్టేషన్ల మీదుగా పోర్టుకు వచ్చే గూడ్సు బండ్లను ఎవరి చేతికి ఇస్తారో గుర్తు తెచ్చుకోండి. అసిస్టెంట్ లోకో పైలట్ కావాలంటే రాత పరీక్షలతో సరిపోదు. ఆప్టిట్యూడ్ టెస్టులో జ్ఞాపకం, ఏకాగ్రత, కంటి చురుకు విడివిడిగా కొలుస్తారు. అందులో ఒక్కటి తప్పినా, రాతలో ఎన్ని మార్కులొచ్చినా ఇంటికే. బండిని గబగబా దింపేవాడు కాదు, ప్రతి రాత్రీ ఒకేలా దింపేవాడు కావాలి వాళ్ళకు. లె మాన్ లాంటి ఎండ్యూరెన్స్ రేసుల జట్టుకూ అలాంటివాడే కావాలి.

ఇంకో చిక్కుంది. ఫార్ములా వన్‌లో కారు ఒకడిది. సీటు అతని వెన్నుకు అచ్చు పోసినట్టు ఉంటుంది, సెట్టింగులన్నీ అతని ఇష్టమే. ఇక్కడ కారు ముగ్గురిది. పొడుగువాడికీ పొట్టివాడికీ అదే గూడు, అవే పెడళ్ళు. ఒకడికి కారు ముందు భాగం చురుగ్గా తిరిగితే ఇష్టం, ఇంకొకడికి వెనక భాగం కదలకుండా ఉంటే ఇష్టం. మధ్యేమార్గంగా కట్టిన కారును "నాకు నచ్చలేదు" అనకుండా నడపగలగాలి. తన ల్యాప్ టైము జోడీదారు కన్నా సెకనులో రెండు పదో వంతులు ఎక్కువైనా ముఖం మాడ్చుకోకూడదు. జట్టులో తొలి శత్రువు జోడీదారే అని నేర్పే ఫార్ములా రేసింగ్ నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది ఇక్కడే తేలిపోతారు.

ఇంధనం పొదుపు మరో విద్య. సూటి రోడ్డు చివర బ్రేకు తొక్కాల్సిన చోటుకు కాస్త ముందే కాలు తీసి కారును జారనివ్వాలి, టైము పోకూడదు. ట్యాంకుకు ఒక్క ల్యాప్ అదనంగా వస్తే, రేసు మొత్తం మీద ఒక పిట్ స్టాప్ తగ్గవచ్చు. చూసేవాళ్ళకు అందులో హీరోయిజం ఏమీ కనపడదు.

ఇక ట్రాఫిక్. జపాన్ మాట ఇక్కడే చెప్పాలి. సూపర్ జీటీ అని వాళ్ళ సిరీస్‌లో జీటీ500, జీటీ300 అని రెండు తరగతుల కార్లు కలిసి పరుగెడతాయి. ఒక్కో కారుకు ఇద్దరు డ్రైవర్లు. అంటే అక్కడ ప్రతి రేసూ చిన్న సైజు లె మానే. లోటరర్ 2003 నుంచి అక్కడే ఉన్నాడు. అంతకుముందు జాగ్వార్ ఫార్ములా వన్ జట్టుకు టెస్ట్ డ్రైవర్. సీటు రాలేదు, జపాన్ ఫ్లైటెక్కాడు. యూరప్ వాళ్ళ దృష్టిలో అది కనుమరుగైపోవడం. 2006లోనూ 2009లోనూ టొయోటా తరఫున సూపర్ జీటీ టైటిల్ గెలిచాడు. యూరప్ పత్రికల్లో అతని పేరు కనపడటం అరుదు.

2010కి ఆడీ జట్టును మార్చింది. లె మాన్ మూడుసార్లు గెలిచిన మార్కో వెర్నర్‌కు చోటు లేదు. లుకాస్ లూర్, అలెగ్జాండర్ ప్రెమా కూడా ఆడీ మూడు కార్లలో లేరు. కొత్తగా ముగ్గురొచ్చారు. స్విట్జర్లాండ్ వాడు మార్సెల్ ఫాస్లర్. ఫ్రాన్స్ వాడు బెన్వా ట్రెలుయే, ఇతనూ జపాన్‌లో నిస్సాన్ తరఫున టైటిల్ గెలిచినవాడే, అక్కడ లోటరర్‌కు బద్ధ ప్రత్యర్థి. మూడోవాడు లోటరర్. జపాన్‌లో ఒకరి మీద ఒకరు పళ్ళు నూరుకున్న ఇద్దర్ని ఒకే కారులో కూర్చోబెట్టారు. ఆడీ మోటార్‌స్పోర్ట్ అధిపతి వోల్ఫ్‌గాంగ్ ఉల్రిచ్ హయాంలో జరిగిన ఎంపికల్లో ఇంతకంటే తెగువైనది నాకు కనిపించదు. మొదటి ఏడే రెండో స్థానం. 2010లో ఒకటి, రెండు, మూడు అన్నీ ఆడీలే.

అసలు పరీక్ష 2011లో వచ్చింది.

ఆ ఏడాది ఆడీకి కొత్త కారు, ఆర్18. మూడు దిగాయి. మొదటి గంటలోనే అలన్ మెక్‌నిష్ కారు ఒక ఫెరారీని తాకి, గాల్లోకి లేచి, టైర్ల గోడను ఢీకొంది. కంచె అవతల ఫొటోగ్రాఫర్లు వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. మెక్‌నిష్ నడిచి బయటికొచ్చాడు. రాత్రి మైక్ రాకెన్‌ఫెల్లర్ కారు చీకట్లో తునాతునకలైంది. అతనూ బతికాడు. ఆడీకి మిగిలింది ఒకే ఒక్క కారు, లోటరర్, ఫాస్లర్, ట్రెలుయేల నంబరు 2. ఎదురుగా ప్యూజోలు. ఇంకా పదహారు గంటల రేసు.

ఆ ఒక్క కారు వెనక పిట్ గోడ మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న రేస్ ఇంజనీర్ లీనా గాదే. భారతీయ తల్లిదండ్రులకు ఇంగ్లండులో పుట్టిన అమ్మాయి. డ్రైవరు చెవిలో వినిపించే గొంతు ఆమెదే. ఎప్పుడు పిట్‌లోకి రావాలి, ఎంత డీజిల్ పోయాలి, టైర్లు మార్చాలా వద్దా, అన్నీ ఆమె చెప్పాలి. పొరపాటు చేస్తే సర్దుకోవడానికి రెండో కారు లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి వంతు లోటరర్‌ది. వెనక ప్యూజోలో సిమోన్ పజినో తరుముతున్నాడు. రెండు కార్ల మధ్య తేడా సెకన్లలోకి వచ్చేసింది. చివరి స్టాప్‌లో టైర్లు కూడా మార్చాల్సి వచ్చింది. డీజిల్ మాత్రమే పోసి పంపితే మిగిలే సమయం అలా కరిగిపోయింది. అయినా ముందే బయటపడ్డాడు. కొత్త టైర్లు వేడెక్కేదాకా జారే కారు, వెనక వేడెక్కిన టైర్లతో శత్రువు, ముందు అడ్డం వచ్చే నెమ్మది కార్లు. పిట్ గోడ మీద ఉన్నవాళ్ళకు చేయడానికి ఇంకేమీ లేదు, చూడటం తప్ప.

తేడా: 13.854 సెకన్లు. ఇరవై నాలుగు గంటలకు 13 సెకన్లు! లె మాన్ గెలిచిన కారుకు రేస్ ఇంజనీరుగా ఉన్న తొలి మహిళ లీనా గాదే. అవే చేతులు, అదే గొంతు 2012లో, 2014లో మళ్ళీ గెలిపించాయి. 2012లో వాళ్ళ కారు హైబ్రిడ్. హైబ్రిడ్ కారు లె మాన్ గెలవడం అదే మొదటిసారి. ఆ ఏడాది ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్లూ ఆ ముగ్గురే.

ఇప్పుడు జనం అనేమాట ఒకటుంది. "పాపం, నరేన్ పడకపోతే ఆ సీటు అతనికే వచ్చేది కదా!" నేను ఒప్పుకోను. నరేన్ భుజం బాగుండి ఉంటే ముగ్గురూ తలా ఎనిమిది గంటలు నడిపేవాళ్ళు, బహుశా ఏడో ఆరో స్థానం వచ్చేది, ముగ్గురిలో ఎవరూ ప్రత్యేకంగా కంట పడేవారు కాదు. గోడ దగ్గర పడటం నరేన్ దగ్గర్నుంచి లాక్కున్నది ఆ ఒక్క రేసునే. లోటరర్‌కు ఇచ్చింది మాత్రం కనపడే అవకాశాన్ని. ఆ అవకాశంలో పన్నెండు గంటలు ఎలా నడపాలో అతనికి నేర్పింది అంతకుముందు ఆరేళ్ళు ఎవరూ చూడని జపాన్ ట్రాకులు. విచిత్రమేమిటంటే నరేన్ కూడా 2001లో జపాన్‌లో ఫార్ములా నిప్పన్ నడిపాడు. ఏడాదికే వదిలి ఫార్ములా వన్ వెంట యూరప్ వెళ్ళాడు. తప్పని ఎలా అంటాం? ఆ వెంటపడటం వల్లే కదా, దేశానికి ఒక ఫార్ములా వన్ డ్రైవరు దొరికింది.

పళ్ళ డాక్టరు కోలెస్ నరేన్‌ను మరిచిపోలేదు. 2011లో హిస్పానియా ఫార్ములా వన్ జట్టు ఆయన చేతిలో ఉండగా నరేన్‌ను మళ్ళీ కారెక్కించాడు. ఆ అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో జరిగిన తొలి ఇండియన్ గ్రాండ్ ప్రీలో నరేన్ 17వ స్థానంలో ముగించాడు. లోటరర్‌నూ మరిచిపోలేదు. 2014లో కాటరామ్ జట్టుకు కోలెస్ సలహాదారుగా ఉన్నప్పుడు బెల్జియం గ్రాండ్ ప్రీకి లోటరర్‌కు ఫార్ములా వన్ సీటు దొరికింది. లె మాన్‌లో రాత్రుళ్ళు రాత్రుళ్ళు నడిపిన మనిషి, అక్కడ ఒక్క ల్యాప్‌కే కారు ఆగిపోయి దిగాడు. ఫార్ములా వన్‌లో అతని చరిత్ర మొత్తం అదే.

లె మాన్ నడిపిన తొలి భారతీయుడి పేరు 2012లో వచ్చింది: చెన్నై వాడు కరుణ్ చందోక్. జోడీదారుల్లో ఒకడు 2009 విజేత డేవిడ్ బ్రాభమ్. ఆరో స్థానం.

లోటరర్‌ను తెలుగువాళ్ళు కళ్ళారా చూశారు కూడా, గుర్తుపట్టినవాళ్ళు తక్కువ. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగింది కదా. ఆండ్రెట్టి జట్టు కారులో ఉన్నది అతనే. జనమంతా మహీంద్రా కార్ల కోసం కేకలేశారు, అది సహజమే. ఆ రోజు గెలిచిన జ్యాన్ ఎరిక్ వెర్న్ అప్పట్లో ఎండ్యూరెన్స్‌లో ప్యూజో ఫ్యాక్టరీ డ్రైవరు. టొయోటా ఫ్యాక్టరీ డ్రైవరు సెబాస్టియన్ బుయెమీ కూడా ఆ బరిలోనే ఉన్నాడు. లె మాన్‌కు డ్రైవర్లను ఎంచేవాళ్ళ చిట్టాలో పేర్లు సగం ఆ రోజు నెక్లెస్ రోడ్డు మీద ఉన్నాయంటే పెద్ద అతిశయోక్తి కాదు.

2024లో పోర్షే తరఫున లోటరర్ మళ్ళీ ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్ అయ్యాడు. అదే డిసెంబరులో కొత్త ఫ్యాక్టరీ జట్టు ఒకటి తన తొలి ఇద్దరు డ్రైవర్లను ప్రకటించింది. జట్టు జెనెసిస్, హ్యుందాయ్ గ్రూపుది. మన పెనుకొండలో కియా కార్లు తయారు చేసే గ్రూపే. ఇద్దరిలో ఒకడు బ్రెజిల్ వాడు పిపో దెరాని. ఇంకొకడు 43 ఏళ్ళ లోటరర్. అసలు కారే ఇంకా తయారు కాని జట్టుకు ముందుగా కావలసింది కుర్ర వేగం కాదు. కారులో లోపం ఎక్కడుందో ఇంజనీరుకు అర్థమయ్యేలా చెప్పగల నోరు. ఆ వయసులో అతన్ని తీసుకున్నది అందుకే అనుకుంటాను.

నరేన్ కథ లె మాన్ గోడ దగ్గర ఆగిపోలేదు. 2014లో జపాన్ తిరిగి వెళ్ళాడు. ఈసారి ఏడాదికి వదల్లేదు. సూపర్ ఫార్ములాలో నడిపి, 2019లో సూపర్ జీటీలోకి వచ్చాడు. జీటీ500లో హోండా ఎన్ఎస్ఎక్స్, నకజిమా రేసింగ్ జట్టు, జోడీదారు టడాసుకే మకినో. లోటరర్ చదువుకున్న బడిలో నరేన్ చేరేసరికి వయసు 42.

ఆ ఏడాది నవంబరులో ఫుజీ ట్రాక్ మీద జర్మనీ డీటీఎం కార్లకూ జపాన్ సూపర్ జీటీ కార్లకూ ముఖాముఖి పెట్టారు. జర్మనీ నుంచి ఆడీ, బీఎండబ్ల్యూ వచ్చాయి. ఆ వారాంతానికి ఆడీ ఎంపిక చేసి తెచ్చిన డ్రైవర్లలో రాకెన్‌ఫెల్లర్ ఉన్నాడు, లోటరర్‌తో మూడుసార్లు లె మాన్ గెలిచిన ట్రెలుయే ఉన్నాడు. నవంబరు 24, ఆదివారం జరిగిన రెండో రేసులో గెలిచింది నరేన్ కార్తికేయన్.